ఎడారి రగ్గుకీ ఏలూరు తివాచీకీ చుట్టరికం

తాడేపల్లిగూడెంలో కొత్త ఫ్లాట్ తీసుకున్న మా బాబాయి కూతురు మొన్న వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టింది. ఇటుక రంగు గోడ, మూలన మట్టి కుండీలో కాక్టస్, నేల మీద మెట్లు మెట్లుగా డైమండ్లున్న ఎరుపు, నలుపు, బూడిద రంగు రగ్గు. కింద మెసేజ్: 'అక్కా, హాలు ఇలా చేయిద్దామనుకుంటున్నా. రగ్గు ఆన్‌లైన్‌లో ఉంది, కొనెయ్యనా?'

ఆ లుక్‌కి ఒక పేరుంది. 'సౌత్‌వెస్ట్ స్టైల్' అంటారు. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల ఎడారి ప్రాంతం దాని పుట్టిల్లు. మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటుంది. ఆ డైమండ్ల డిజైను ఎవరిదో, అది ఎక్కడెక్కడ తిరిగి ఇక్కడికొచ్చిందో తెలిస్తే మాత్రం 'యాడ్ టు కార్ట్' నొక్కే ముందు ఓ నిమిషం ఆగుతారు. ఎందుకంటే ఆ దారిలో ఏలూరు కూడా ఉంది.

ముందు ఇంటి సంగతి చెప్పేస్తా, అది చిన్నదే. ఎడారిలో ఇళ్ళు ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కడతారు. అడోబీ అంటారు. న్యూమెక్సికోలోని టావోస్ పువెబ్లో అనే మట్టి ఇళ్ళ సముదాయాన్ని 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పగలు మాడ్చేసే ఎండ, రాత్రికి వణికించే చలి. లావుపాటి మట్టిగోడ పగటి వేడిని లోపలికి రానివ్వకుండా ఆపి, రాత్రి మెల్లగా వదులుతుంది. మన దగ్గర ఆ లెక్క కుదరదు. కొల్లేరు అంటేనే కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి అందులో పోస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకెళ్తుంది. గాలి నిండా తేమ. రాత్రయినా చల్లబడదు. అందుకే మన పెద్దవాళ్ళు గాలి ఆడేలా మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. నడిమధ్యన ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ పంచలు. కాబట్టి ఇటుక రంగు పెయింట్ వేసుకుంటే వేసుకోండి, అది రంగే కదా. ఎడారి ఇంటి చల్లదనం మాత్రం డబ్బాలో రాదు.

అసలు కథ రగ్గుది.

ఆ డిజైను నావహో జనానిది. తమను తాము 'డినే' అని పిలుచుకుంటారు. నిలువు మగ్గం మీద, చేత్తో ఒడికిన గొర్రె ఉన్నితో, ఎక్కువగా ఆడవాళ్ళే నేస్తారు. నేత నేర్పింది సాలీడమ్మ అని వాళ్ళ నమ్మకం. 1864లో అమెరికా సైన్యం వాళ్ళ పంటలు తగలబెట్టి, మందల్ని చంపి, వందల మైళ్ళు నడిపించి బోస్క్ రెడోండో అనే చోట నిర్బంధించింది. 1868లో ఒప్పందం కుదిరి తిరిగొచ్చారు. వచ్చాక చేతిలో ఉన్నది నేతే. కప్పుకునే దుప్పట్లు నేసుకునే జనం, రైలు వేసుకొచ్చిన వ్యాపారుల కోసం నేల మీద పరిచే రగ్గులు నేయడం మొదలుపెట్టారు.

ఇక్కడే మలుపు. ఆ వ్యాపారులకు తూర్పు అమెరికాలో డబ్బున్న ఇళ్ళు ఏం కొంటాయో తెలుసు. అప్పట్లో ఫ్యాషన్ 'ఓరియంటల్ కార్పెట్'. అంటే ఇరాన్, టర్కీ, కాకసస్ తివాచీలు. గనాడోలో లోరెంజో హబ్బెల్ అనే వ్యాపారి రగ్గుల డిజైన్లను బొమ్మలుగా గీయించి గోడకి తగిలించి, ఇలా నేయండి అని చూపించేవాడు. క్రిస్టల్ అనే చోట జె.బి. మూర్ 1911లో రంగుల కేటలాగ్ వేసి పోస్టులో ఆర్డర్లు తీసుకున్నాడు. ఆ కాలపు ఆన్‌లైన్ షాపింగ్ అనుకోండి. చుట్టూ గట్టి అంచు, మధ్యలో పెద్ద పతకం, అంచుల్లో కొక్కేల్లాంటి ఆకారాలు... ఇవి తూర్పు తివాచీల నుంచి నావహో రగ్గుల్లోకి చేరాయని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. నావహో నేతగత్తెలు వాటిని కాపీ కొట్టి ఊరుకోలేదు. తమ చేతిలో తమవిగా మార్చుకున్నారు. టూ గ్రే హిల్స్ రగ్గులు చూడండి. అద్దకమే లేకుండా గొర్రెల సహజ రంగులు, గోధుమ, బూడిద, తెలుపు, నలుపుతోనే నేసేస్తారు. నా మటుకు నాకు ప్రపంచంలో అంత నిండుగా ఉండే రగ్గు మరొకటి లేదు.

ఇప్పుడు మన వైపు రండి. అదే ఇరాన్ తివాచీ అంతకు చాలా ముందే బందరు దారిన మన గడప తొక్కింది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు ఇరాన్‌తో గట్టి సంబంధాలు ఉండేవి. మచిలీపట్నం వాళ్ళ ప్రధాన రేవు. కలంకారీ అన్న పేరే పారసీక మాట. ఆ రాకపోకల్లోనే అక్కడి నేతగాళ్ళు కొందరు ఏలూరులో స్థిరపడ్డారని, తివాచీ నేత వాళ్ళతోనే వచ్చిందని చెబుతారు. తమ్మిలేటి పక్కన తంగెళ్ళమూడిలో ఆ పని చేసే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1908లో మద్రాసు ప్రభుత్వం హెన్రీ హారిస్ చేత దక్షిణాది తివాచీ నేత మీద ఓ పుస్తకమే రాయించింది. అందులో మన ఏలూరు నేతా ఉంది.

నిజానికి ఈ పల్లపు ఊరికీ ఉన్నికీ పొత్తు లేదు. కోస్తాలో మనం చూసే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్నే ఉండదు, ఉన్నదంతా వెంట్రుకే. గొంగళ్ళు నేసే నల్ల ఉన్ని దక్కనీ గొర్రెది, అది పైన తెలంగాణ వైపు. అయినా ఇక్కడ తివాచీ పుట్టింది. గొర్రెను బట్టి కాదు, రేవును బట్టీ కొనేవాణ్ణి బట్టీ. తరవాత్తరవాత ఇంగ్లండ్, జర్మనీ, అమెరికాలకు ఏలూరు తివాచీలు ఎగుమతి అయ్యాయి. మన ఇళ్ళలో కన్నా పరాయి దేశపు ఇళ్ళలోనే ఎక్కువ పరుచుకున్నారేమో!

ఏలూరు తివాచీకీ నావహో రగ్గుకీ నేతలో ఒక తేడా ఉంది, గుర్తుపెట్టుకోండి. నావహోది బల్లపరుపు నేత. పడుగు పోగుల మధ్య రంగు పేకను అడ్డంగా నేసుకుంటూ పోతారు, రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. ఏలూరుది ముడుల నేత. పడుగు పోగులకు చిన్న చిన్న ఉన్ని ముక్కల్ని ఒక్కొక్కటిగా ముడివేసి, కొస కోసేస్తారు. వరస పూర్తయ్యాక పేక పోగు దూర్చి, దువ్వెనలాంటి పంజాతో బాది బిగిస్తారు. మళ్ళీ ఇంకో వరస. చివర్లో కత్తెరతో పైభాగమంతా ఒకే ఎత్తుకు కత్తిరిస్తే మెత్తటి నూగు తేలుతుంది. నావహో నేతకు మన వైపు దగ్గర బంధువు కావాలంటే ఏలూరు కాదు, వరంగల్ చూడాలి. అక్కడి దర్రీలు నూగు లేని బల్లపరుపు నేత. వాటికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది.

సరే, ముడి మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క వేద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

ఆరడుగులు ఇంటూ తొమ్మిదడుగులు అంటే 54 చదరపు అడుగులు. చదరపు అంగుళాల్లో 7,776. అంగుళానికి 36 ముడులే అనుకుందాం, ఇది చాలా సన్నటి నేత కూడా కాదు. మొత్తం దాదాపు 2 లక్షల 80 వేల ముడులు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకు ఆరు వేల ముడులు వేస్తారనుకున్నా 47 రోజుల పని. రోజుకు 500 రూపాయల కూలి పెట్టుకున్నా 23,500 రూపాయలు. ఉన్ని లేదు, అద్దకం లేదు, మగ్గం లేదు, ఉతుకు లేదు. ఉత్త చేతి పని.

ఇప్పుడు మీరు చూసిన 'హ్యాండ్‌మేడ్, ట్రైబల్ ప్రింట్' రగ్గు రేటు చూడండి. మూడు వేలు, నాలుగు వేలు. ఏదో ఒకటే నిజం కావాలి. అది చేతితో చేసింది కాకపోవాలి, లేదా ఎవరి చెయ్యో ఉచితంగా పని చేసి ఉండాలి. రెండోది ఊహ కాదు. తివాచీ మగ్గాల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టిన చరిత్ర ఈ దేశంలో ఉంది. దాన్ని ఆపడానికే 1994లో రగ్‌మార్క్ అనే ముద్ర మొదలైంది. ఇప్పుడు దాని పేరు గుడ్‌వీవ్.

చవక సరుకు అసలు సరుకును కొట్టేయడం కొత్తేమీ కాదు. 1880లోనే జార్జ్ బర్డ్‌వుడ్ 'ది ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా'లో జైళ్ళలో ఖైదీల చేత చవగ్గా నేయించే తివాచీలు పాత నేతను పాడుచేస్తున్నాయని మండిపడ్డాడు. అప్పుడు జైలు తివాచీ, ఇప్పుడు మిషను రగ్గు. నావహోలకూ ఇదే పోటు. 'ఎడారి డిజైన్' రగ్గులు భారతదేశంలోనూ తయారై అమెరికాకు వెళ్తున్నాయి. అక్కడ 1990లో ఒక చట్టం తెచ్చారు: ఆదివాసులు చేయని వస్తువును వాళ్ళు చేసిందని చెప్పి అమ్మితే నేరం. 2012లో నావహో నేషన్ తమ పేరు వాడుకున్నందుకు అర్బన్ అవుట్‌ఫిటర్స్ అనే పెద్ద బట్టల కంపెనీని కోర్టుకీడ్చింది. 2016లో రాజీ కుదిరింది. డైమండ్ గీతను ఎవరూ దాచుకోలేరు, అది అందరిదీ. పేరు మాత్రం దొంగిలించకూడదు. నాకు చిరాకు రంగులతో కాదు, 'ట్రైబల్' అనే ఆ లేబుల్‌తో. ఏ ట్రైబ్? ఎవరు నేశారు? సమాధానం ఉండదు.

ఏలూరులో జరిగేదేమిటో చెప్పనా? నేర్చుకునేవాళ్ళు లేరు. ఆర్డరు ఎప్పుడొస్తుందో తెలియని పనిలో, నెలా రెండు నెలలు ఒకే తివాచీ ముందు కూర్చునే ఓపిక పాతికేళ్ళ కుర్రాడికి ఎందుకుండాలి? బైక్ మీద పార్సిళ్ళు అందిస్తే సాయంత్రానికి డబ్బు. నేను తప్పుపట్టలేను. చేతిపని బతకాలని వేదికల మీద మాట్లాడేవాళ్ళం మన ఇళ్ళలో పిల్లల్ని మగ్గం ముందు కూర్చోబెడతామా? ఆ పని నిలవాలంటే ఆ రోజు కూలి పార్సిళ్ళ కూలికి దీటుగా ఉండాలి, అంతే. నావహో దేశంలోనూ చుర్రో అనే వాళ్ళ పాత గొర్రె జాతి 1970ల్లో కొన్ని వందలకు పడిపోయింది. 1930ల్లో ప్రభుత్వం మేత చాలదని మందల్ని బలవంతంగా తగ్గించిన దెబ్బ అది. తరవాత ఆ జాతిని పనిగట్టుకుని పెంచారు. దాని ఉన్నితో మళ్ళీ నేస్తున్నారు. అంటే తిరిగొస్తుంది. కొనే చెయ్యి ఉంటే.

మా చెల్లికి ఇదంతా ఫోన్లో చెబితే, 'అయితే హాలు ఖాళీగా ఉంచెయ్యనా?' అంది. అక్కర్లేదు. హాలంతా పరవాలని ఎవరన్నారు? మన తేమలో నేల మీద పెద్ద ఉన్ని తివాచీ నిజంగా పేచీయే. వానాకాలంలో ముక్క వాసన, చిమ్మట పురుగు. రెండడుగులు, మూడడుగుల చిన్నది తీసుకుని గోడకు వేలాడదీయండి. లెక్క మళ్ళీ వేస్తే ఆరు చదరపు అడుగులు, పై లెక్కలో తొమ్మిదో వంతు. చేతిపనికి న్యాయమైన ధర ఇచ్చినా జేబు చిరగదు. కిటికీకి నరసాపురం లేసు వేయండి, దానికీ 2024లో జీఐ వచ్చింది. రంగులు కావాలా? ఓ ఉదయం ఆటపాక వెళ్ళి కూర్చోండి. గూడబాతుల బూడిద తెలుపు, తుంగ ఎండిన పసుపు, నీళ్ళు తీసిన చెరువు మట్టి నలుపు. టూ గ్రే హిల్స్ రగ్గులో ఉన్న రంగులు దాదాపు అవే.

కొనేటప్పుడు మాత్రం తివాచీని తిరగేయండి. చేతి ముడిదైతే వెనక కూడా డిజైన్ స్పష్టంగా, కాస్త ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. వెనక గుడ్డ అంటించి ఉంటే అది గన్‌తో గుచ్చి జిగురు పూసిన టఫ్టెడ్ రగ్గు. కొసన కుచ్చులు పడుగు పోగుల్లోంచే రావాలి. విడిగా కుట్టినట్టుంటే మిషనుదే. ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తే ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, సింథటిక్ అయితే కరిగి ఉండకడుతుంది. నావహో రగ్గు పేరుతో పొడవాటి కుచ్చులున్నది చూపిస్తే అనుమానించండి. వాళ్ళది అంచుల్లో మూసుకుపోయే పడుగు, మూలల్లో చిన్న జడకుచ్చులే ఉంటాయి. ఇంటికి తెచ్చాక నెలకోసారి నీడగాలికి ఆరేయండి, మడతలో ఎండు వేపాకు వేయండి, వాక్యూమ్‌తో గట్టిగా రుద్దకండి. తంగెళ్ళమూడి వెళ్ళేటట్టయితే గోడ కొలత రాసుకుని వెళ్ళండి. డిజైన్ వాళ్ళనే అడగండి, ఎన్నాళ్ళు పడుతుందో ముందే తెలుసుకోండి, సంక్రాంతికి కావాలంటే దసరా లోపే చెప్పండి.