సర్వర్‌కు లేటెస్ట్ వెర్షన్ వేస్తే సరిపోతుందా? ‘స్టేబుల్’ అంటే అసలు అర్థం ఏంటి?

మీసేవ కౌంటర్ దగ్గర క్యూలో నిలబడ్డాక ‘సర్వర్ డౌన్ అండీ, సాయంత్రం రండి’ అన్న మాట వినని వారు తక్కువే. అడ్మిషన్‌కు మర్నాడే ఆఖరి తేదీ అయిన విద్యార్థికి ఆ ఒక్క పూట చాలా ఖరీదైంది.

సర్వర్ ఆగిపోవడానికి కరెంటు, నెట్‌వర్క్, రద్దీ ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఒక కారణానికి మాత్రం సర్వర్ పెట్టిన రోజే బీజం పడుతుంది. అదే, అందులో వేసిన ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్.

ఫోన్‌కు కొత్త వెర్షన్ రాగానే వేసుకోవడం మనకు అలవాటు. వేలమంది ఆధారపడే సర్వర్‌కు ఇదే పద్ధతి పనికొస్తుందా?

‘స్టేబుల్’ అంటే ఏంటి?

స్టేబుల్ అంటే హ్యాంగ్ కానిది అని చాలామంది అనుకుంటారు. సర్వర్ల విషయంలో ఈ మాటకు అర్థం వేరు. స్టేబుల్ అంటే తరచూ మారనిది.

ఒకసారి విడుదలయ్యాక ఆ వెర్షన్‌లో కొత్త ఫీచర్లు పెద్దగా చేర్చరు. భద్రతా లోపాలను, తీవ్రమైన బగ్‌లను మాత్రమే సరిచేస్తారు. అందువల్ల ఈ ఏడాది దానిమీద తయారుచేసిన అప్లికేషన్ వచ్చే ఏడాది కూడా అలాగే పనిచేస్తుందన్న నమ్మకం ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. స్టేబుల్ వెర్షన్‌లోని ప్రోగ్రాముల నంబర్లు పాతవిగా కనిపిస్తాయి. కొత్త వెర్షన్ కోసం రాసిన భద్రతా ప్యాచ్‌ను తీసుకొచ్చి పాతదానికి అమర్చడమే దీనికి కారణం. దీన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. కాబట్టి నంబర్ పాతదైనంత మాత్రాన లోపం అలాగే ఉందని కాదు. ప్యాచ్ పడిందా లేదా అన్నదే చూడాలి.

ఏది ఎన్నేళ్లు?

ప్రతి వెర్షన్‌కూ ఒక గడువు తేదీ ఉంటుంది. మందుల సీసా మీద ఉన్నట్టే.

• ఉబుంటు: రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో దీర్ఘకాల సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ వస్తుంది. దానికి 5 ఏళ్లు ఉచితంగా అప్‌డేట్లు అందుతాయి. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చే మామూలు వెర్షన్లకు సపోర్ట్ 9 నెలలే.
• డెబియన్: దాదాపు రెండేళ్లకోసారి స్టేబుల్ వెర్షన్ వస్తుంది. మూడేళ్లు పూర్తి సపోర్ట్, తర్వాత రెండేళ్లు ఎల్‌టీఎస్ సపోర్ట్ ఉంటాయి.
• రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్: ఒక్కో ప్రధాన వెర్షన్‌కు 10 ఏళ్లు. దీనికి చందా కట్టాలి.
• విండోస్ సర్వర్: సాధారణంగా 5 ఏళ్లు పూర్తి సపోర్ట్, మరో 5 ఏళ్లు భద్రతా అప్‌డేట్లు. విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12.

గడువు లెక్క మొదలయ్యేది వెర్షన్ విడుదలైన రోజు నుంచి. మీరు ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి కాదు. ఉబుంటు 22.04కు ఉచిత సపోర్ట్ 2027 వరకే ఉంది. 2026లో దాన్ని కొత్తగా వేసుకుంటే చేతిలో మిగిలేది దాదాపు ఏడాదే.

సెంటోస్ విషయంలో ఏం జరిగింది?

రెడ్‌హ్యాట్‌కు ఉచిత ప్రత్యామ్నాయంగా ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సంస్థలు సెంటోస్ వాడేవి. 2019 సెప్టెంబరులో సెంటోస్ 8 వచ్చింది. 2029 వరకు ఢోకా లేదనుకుని చాలామంది దానికి మారారు.

అయితే 2021 డిసెంబరు 31తోనే సెంటోస్ 8ను ఆపేస్తున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. అంతకుముందు వచ్చిన సెంటోస్ 7కు మాత్రం 2024 జూన్ 30 వరకు అప్‌డేట్లు అందాయి. అంటే కొత్తదానికి మారినవారికే ముందుగా గడువు తీరింది. ఆ లోటు తీర్చడానికి 2021లో అల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి.

గడువు తేదీ ఒక్కటే చూస్తే చాలదని దీనివల్ల తెలిసింది. ఆ మాట ఇస్తున్నది ఎవరు, వాళ్లు మనసు మార్చుకుంటే మన దారి ఏంటి అన్నదీ ముందే ఆలోచించుకోవాలి.

మంచి వెర్షన్ ఎంచుకుంటే పని అయిపోయినట్టేనా?

కాదు. 2017 మే 12న మొదలైన ‘వన్నాక్రై’ దాడే దీనికి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలు అతలాకుతలమయ్యాయి. దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా వేశారు.

ఈ దెబ్బ తిన్నవి గడువు తీరిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లేనని అప్పట్లో అందరూ అనుకున్నారు. కానీ ఆ ఆసుపత్రుల్లో ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి అప్పటికి సపోర్ట్ ఉంది. ప్యాచ్ కూడా రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. దాన్ని వేయలేదు, అంతే.

మరి ఎలా ఎంచుకోవాలి?

1. సేవ ఎన్నేళ్లు నడవాలో ముందు రాసుకోండి. వెర్షన్‌కు మిగిలిన సపోర్ట్ అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఉండకపోతే ఎప్పుడు మారతారో ఇప్పుడే తేదీ పెట్టుకోండి.

2. మీ డేటాబేస్, అప్లికేషన్ ఏ వెర్షన్ల మీద నడుస్తాయని వాటి తయారీదారులు చెబుతున్నారో చూడండి. ఆ జాబితాలో లేని వెర్షన్ వేస్తే, ఇబ్బంది వచ్చినప్పుడు ‘మాకు సంబంధం లేదు’ అనే అవకాశం ఉంది.

3. విడుదలైన వారంలోనే అసలు సర్వర్‌లో వేయకండి. మొదటి సవరణ విడుదల వచ్చేదాకా ఆగండి. ఉబుంటు 24.04 ఏప్రిల్‌లో వచ్చినా, పాత ఎల్‌టీఎస్ వాడుతున్న వారికి మామూలు పద్ధతిలో అప్‌గ్రేడ్ అందింది ఆగస్టు చివర్లో వచ్చిన 24.04.1 తర్వాతే.

4. అదే వెర్షన్‌తో ఒక టెస్ట్ సర్వర్ పెట్టుకోండి. ప్యాచ్‌ను ముందు అక్కడ వేసి చూశాకే అసలు సర్వర్‌లో వేయాలి. బ్యాకప్ ఉంటే సరిపోదు. అది తిరిగి తెరుచుకుంటుందో లేదో ఒకసారి పరీక్షించాలి.

5. ప్యాచ్‌లు ఎవరు వేస్తారు, ఎప్పుడు వేస్తారు, ఆ కాసేపు సేవ ఆగితే ప్రజలకు ఎలా చెబుతారు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. ఫీజు గడువు, ఫలితాల రోజు, పింఛన్ల తేదీ లాంటివి తప్పించి సమయం ఎంచుకోవాలి.

ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఏం చూడాలి?

ప్రభుత్వ వెబ్‌సైట్ల నిర్వహణను చాలాసార్లు టెండర్ ద్వారా అప్పగిస్తారు. కాంట్రాక్టు ఐదేళ్లు, సర్వర్ వెర్షన్‌కు మిగిలిన సపోర్ట్ రెండేళ్లు అయితే మూడో ఏడాది నుంచి ప్యాచ్‌ల బాధ్యత ఎవరిది? కొత్త వెర్షన్‌కు మార్చే ఖర్చు ఎవరిది? ఈ రెండింటికీ జవాబు టెండర్‌లోనే ఉండాలి. లేకపోతే ఖర్చు ఎవరు భరించాలో తేలేదాకా పాత వెర్షనే నడుస్తుంటుంది. ఆ మధ్యకాలంలో దాడి జరిగితే ఇబ్బంది పడేది కౌంటర్ ముందు నిలబడిన మనిషే.

మీ షాపు వెబ్‌సైట్ కోసమో, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కల కోసమో చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. దాన్ని చూసుకునే వ్యక్తిని ఈరోజే రెండు ప్రశ్నలు అడగండి. మన వెర్షన్ గడువు ఎప్పుడు తీరుతుంది? చివరి ప్యాచ్ ఎప్పుడు వేశారు? రెండింటికీ తేదీలతో జవాబు రావాలి.