రైతు కుటుంబమున ఆదాయ వ్యయముల పద్దు, పొదుపు

నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామముల రైతుల కొరకు

ఉద్యోగికి జీతము నెలనెలకు వచ్చును. వర్తకునకు రాబడి దినదినము కలదు. రైతునకు మాత్రము ఆదాయము ఏటికొకసారి, కాలము కలిసివచ్చినచో రెండుసారులు చేతికందును. ఖర్చు మాత్రము నిత్యము. రైతు కుటుంబములు ఋణముల పాలగుటకు ఈ వ్యత్యాసము ఒక ప్రధాన కారణము. భూమి చాలక అప్పు చేసినవారు కొందరు కలరు. పంట చక్కగా చేతికి వచ్చియు, దానిని పన్నెండు నెలలకు పంచుకొనక అప్పు చేసినవారును కలరు. ఈ కరపత్రము రెండవ తరగతివారి కొరకు వ్రాయబడినది. పొదుపు అనగా కడుపు మాడ్చుకొనుట గాదు; వచ్చిన సొమ్మును వచ్చిననాడే పంచి, ఏ భాగమును దాని పనికే వాడుట.

1. మన తీరపు సంవత్సరము

విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, అల్లూరు మొదలగు తీర మండలములలో వరి ప్రధానమైన పంట. 1855లో నెల్లూరు వద్ద పెన్నపై కట్టిన ఆనకట్టయు, అటుపిమ్మట కట్టిన సంగము ఆనకట్టయు 2022 వఱకు ఈ భూములకు ఆధారములుగా నుండెను; వాటికి ఎగువనున్న సోమశిల జలాశయము నేటికిని ఆధారము. ఇచ్చట వానలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. నాట్లును ఆ కాలముననే జరుగును. కోతలు ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ వఱకు సాగును.

దీనివలన కలుగు ఫలితమును రైతులు గమనింపవలెను. కృష్ణా, గోదావరి డెల్టాలలో సంక్రాంతినాటికి సార్వా ధాన్యము ఇల్లు చేరియుండును. మనకు సంక్రాంతినాటికి పైరు ఇంకను మడిలోనే యుండును. దుక్కి, దమ్ము, విత్తనము, నాటుకూలి, ఎరువు అను సేద్యపు ఖర్చులును, దీపావళి, సంక్రాంతి అను పండుగల ఖర్చులును, తుపానుల వలని నష్టములును అక్టోబరు మొదలు జనవరి వఱకు గల నాలుగు నెలలలోనే పడును. గాదెలో గింజలు, చేతిలో సొమ్ము తరిగిపోయిన నెలలును అవియే. మార్చిలో భాగ్యవంతుడుగా నున్న రైతు నవంబరులో ఋణగ్రస్తుడగుటకు కారణమిది. కావున మన తీరమున పొదుపు చేయవలసిన సమయము నవంబరు గాదు. ధాన్యము అమ్మిన దినమే.

2. కళ్లమునాటి పంపకము

ధాన్యము అమ్మిననాడు చేతికి వచ్చు సొమ్మంతయు ఇంటిది గాదు. ఈ క్రింది లెక్క ఊహించి వ్రాసినది. ఎవరికి వారు తమ అంకెలను ఇందు చేర్చుకొనవలెను.

ఒక రైతునకు 5 ఎకరముల సొంత మాగాణి కలదు. ఎకరమునకు 3 పుట్ల చొప్పున 15 పుట్లు పండెను. మన పుట్టి 850 కిలోలు. అయిదుగురు గల కుటుంబమునకు ఏడాది తిండికి ఒక పుట్టి ఉంచుకొని, 14 పుట్లు అమ్మెను. 2024–25లో సాధారణ రకపు ధాన్యమునకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 2,300 రూపాయలు, అనగా పుట్టికి 19,550 రూపాయలు. తేమ, తరుగుల వలనను, తొందరపడి కళ్లముననే అమ్ముట వలనను అంత ధర రాకపోవచ్చును గనుక, పుట్టికి 18,000 రూపాయలుగా లెక్కకు గైకొంటిమి.

ధాన్యము వలన వచ్చినది: 2,52,000 రూపాయలు.
సేద్యపు ఖర్చు, ఎకరమునకు 30,000 చొప్పున: 1,50,000 రూపాయలు.
ఇంటికి మిగిలినది: 1,02,000 రూపాయలు.

రెండున్నర లక్షలు చేత పట్టుకొనిన రైతు ఇంటికి నిజముగా నెలకు 8,500 రూపాయలే కలవు. ఈ అంకె తెలియనివాడు మోటారుసైకిలునకు, క్రొత్త గదికి, వేడుకలకు సొమ్ము వెచ్చించి, నాట్లనాటికి వడ్డీ వ్యాపారి గుమ్మమెక్కును. సేద్యపు సొమ్ము 1,50,000 అప్పు తెచ్చినదైన, ఆ దినమే తీర్చవలెను. సొంతమైన, రాబోవు అక్టోబరు కొరకు వేరుగా నుంచవలెను. మిగిలినదానిని ఇట్లు పంచుకొనవచ్చును:

తుపాను నిధి: 12,000 రూపాయలు.
చదువులు, వైద్యము: 16,000 రూపాయలు.
పండుగలు, శుభకార్యములు: 8,000 రూపాయలు.
ఇంటి నిత్యవ్యయము, నెలకు 5,500 చొప్పున: 66,000 రూపాయలు.

ఇందు తుపాను నిధిని మొదట వ్రాయుటకు కారణము కలదు. ఖర్చులన్నియు పోగా మిగిలినది దాచుదమనుకొనిన ఇంట ఏమియు మిగులదు. మొదట దాచి, తక్కినదానితో గడుపుకొనుటయే మార్గము.

నెలకు 5,500 చాలదని తోచినవారు అప్పు వైపు చూడక ఇతర ఆదాయములను చూడవలెను. పాడిపశువుల పాలసొమ్ము వారము వారము వచ్చునది గావున వంటింటి ఖర్చునకు అదియే తగినది. ఎడగారు పైరు సంగతి వేరు. ఏప్రిల్, మే నెలలలో నాటి ఆగస్టు, సెప్టెంబరులలో కోయు ఈ పైరునకు నీరు సోమశిలలో నిలువయున్న సంవత్సరముననే లభించును. నిశ్చయము లేని ఆదాయమును నిత్యవ్యయములోనికి రానీయరాదు. ఎడగారు పండిన ఏట ఆ సొమ్మును మొదట పాత బాకీకి, పిదప తుపాను నిధికి, ఆ పిమ్మట కాలువల మరమ్మతునకును, చౌడునేలను బాగుచేయుటకును వినియోగింపవలెను.

3. పద్దు వ్రాయు విధము

రెండు పుస్తకములు చాలును. ఒకటి పొలమునకు, రెండవది ఇంటికి. ప్రతి పుటయందును ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, తేదీతో వ్రాయవలెను. పొలపు పద్దునందు ఇంటి విత్తనము, ఇంటివారి కష్టము సయితము వెలకట్టి వ్రాసిననే ఏ మడి లాభకరమో, ఏ మడి నష్టకరమో తేలును. పొలపు సొమ్ము ఇంటికి వాడినను, ఇంటి సొమ్ము పొలమునకు వాడినను రెండు పుస్తకములందును వ్రాయవలెను. నెల చివర మొత్తము కట్టి, ముందు నిర్ణయించుకొనిన అంకెతో సరిచూచుకొనవలెను.

పద్దు వలన చిన్న ఖర్చులు బయటపడును. టీకొట్టు వద్దను, బీడీ, సిగరెట్లకును దినమునకు 40 రూపాయలు వెచ్చించువానికి అది ఖర్చుగా తోచదు. ఏటికి అది 14,600 రూపాయలు. పై లెక్కలోని తుపాను నిధి కంటె ఇది అధికము.

4. పొదుపులక్ష్మి నేర్పిన పాఠము

పొదుపు విషయమున ఇతర జిల్లాలకు దారి చూపినది మన జిల్లాయే. 1990 తరువాత ఇచ్చట సాగిన అక్షరాస్యతా తరగతులలో స్త్రీలు చదువుతోపాటు తమ ఇండ్ల కష్టములను గూర్చియు చర్చించుకొనిరి. 1992లో కలిగిరి ప్రాంతమునందలి దూబగుంట స్త్రీలు తమ గ్రామమున సారాయి అమ్మకమును ఆపించిరి. ఆ గ్రామపు రోసమ్మ పేరు రాష్ట్రమంతట వినబడినది. ఉద్యమము జిల్లా అంతట వ్యాపించెను. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాయందును, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది.

సారాయికి పోవు సొమ్ము ఇంట నిలిచినపుడు దానిని ఏమి చేయవలెనను ప్రశ్నకు ఈ జిల్లాలో లభించిన సమాధానమే పొదుపులక్ష్మి. స్త్రీలు సంఘములుగా కూడి, ఒక్కొక్కరు దినమునకు ఒక రూపాయి చొప్పున దాచిరి. ఆ సొమ్మును తమలో తామే అవసరమునకు అప్పుగా ఇచ్చుకొనిరి. ఇట్టి సంఘములకు బ్యాంకుల ఋణములు ఇప్పించు పద్ధతిని నాబార్డు 1992లో దేశమున 500 సంఘములతో ప్రారంభించి యుండుటచే, ఈ మార్గము త్వరగా విస్తరించినది.

భూవసతి గల రైతు ఇందుండి నేర్వవలసినవి మూడు కలవు. మొదటిది, దాచవలసిన మొత్తము ముందే నిర్ణయమై యుండుట. రెండవది, దాచు దినము తప్పకుండుట. మూడవది, దాచినదానికి పదిమంది సాక్షులుండుట. కూలి చేసుకొని బ్రదుకు స్త్రీ దినమునకు ఒక రూపాయి దాచగలిగినపుడు, అయిదెకరముల రైతు పంటకు పన్నెండు వేలు దాచలేననుట సమంజసము గాదు. ఇంటి పుస్తకమును, ఇంటి సొమ్మును గృహిణి చేతికిచ్చుట ఉత్తమము. బియ్యపు డబ్బాలో గింజలెన్ని యున్నవో, పిల్లవానికి రుసుము ఎన్నడు కట్టవలెనో ఆమెకు తెలిసినట్లు వేరొకరికి తెలియదు. పొలపు పద్దును సయితము ఆమెకు చదివి వినిపింపవలెను. ఆమెకు తెలియకుండ చేసిన అప్పు ఆమె నగలతో తీరుట ఎన్నో ఇండ్లలో చూచుచున్నదే.

5. అప్పు, వడ్డీ

పంటకు తెచ్చిన అప్పు పంటతో తీరవచ్చును. వేడుకకు తెచ్చిన అప్పు తీర్చుటకు వేరు పంట లేదు. వివాహములకు భూమి తాకట్టు పెట్టుట ఏ విధమునను తగదు. కట్నము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 నాటి చట్టము ప్రకారము నేరములు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అనగా నెలకు రెండు, ఏటికి ఇరువదినాలుగు. ఏటేట వడ్డీని అసలులో కలుపుచు పోయిన 50,000 రూపాయల బాకీ మూడేండ్లకు 95,331 రూపాయలగును. అదే మొత్తము నూటికి ఏడు చొప్పున 61,252 రూపాయలు మాత్రమే యగును. ఈ రెంటికి గల భేదము 34,000 రూపాయలకు పైబడినది. పై లెక్క ప్రకారము దాదాపు రెండు పుట్ల ధాన్యపు వెల.

1998లో ఏర్పడిన కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతిలో 2024–25లో 3 లక్షల రూపాయల వఱకు పంట ఋణము 7 శాతము వడ్డీకి లభించినది. గడువులోపల తీర్చినవారికి మఱియొక 3 శాతము తగ్గి, వడ్డీ 4 శాతమే పడినది. గడువు దాటిన ఈ లాభము పోవును. కావున ధాన్యము అమ్మిన వెంటనే బ్యాంకు బాకీ తీర్చి, మఱల అక్టోబరులో తీసికొనుట మేలు.

ధర పడిపోయినపుడు అప్పు ఎట్లు బరువగునో మన పెద్దలెరుగుదురు. 1929 తరువాతి ఆర్థికమాంద్యమున ధాన్యపు వెల కూలెను గాని, పత్రములపై వ్రాసిన అసలు తగ్గలేదు. తుదకు 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణభారమును తగ్గించుటకు చట్టము చేయవలసి వచ్చినది. చట్టము వచ్చులోపల పోయిన భూమి తిరిగిరాదు.

6. తుపాను నిధి

1989 నవంబరులో కావలి వద్ద తుపాను తీరము దాటెను. 2015 నవంబరులో అతివృష్టి కలిగెను. 2021 నవంబరులో పెన్న పొంగి, నెల్లూరు చెంత పడుగుపాడు వద్ద రైలుమార్గము సయితము కోసికొనిపోయెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరమునకు చేరువగా సాగి బాపట్ల దగ్గర తీరము దాటెను. ఇవన్నియు నారుమళ్లు పోసి, నాట్లు వేయు నెలలే. ఒక్కరాత్రి వానకు నారు మునిగినచో మఱల విత్తనము, మఱల కూలి. ప్రభుత్వ సహాయమును, పంటల బీమాయును వచ్చువఱకు అదను నిలువదు. ఆ అదనున చేత నుండవలసిన సొమ్మే తుపాను నిధి.

రెండవసారి నాటుటకు చాలినంత సొమ్ము ఈ నిధియందు చేరువఱకు ప్రతి పంటకు కొంత చేర్చవలెను. తుపాను రాని ఏట దీనిని మిగులుగా భావించి ఖర్చు చేయరాదు. గట్టు తెగని ఏట గట్టును త్రవ్వుకొనువారు లేరు గదా!

7. రొయ్యల చెరువులు గలవారు

తీరమున పెక్కురు మాగాణిని రొయ్యల చెరువులుగా మార్చిరి. ఇందు లాభము మెండు, ప్రమాదమును మెండు. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి వ్యాపించి చెరువులు నష్టపోయెను. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, రొయ్యకు ఏ తెగులు లేకున్నను ధర తగ్గినది. కావున చెరువునకు మూడవ పుస్తకమును, వేరు సొమ్మును ఉంచవలెను. మేతకు, పిల్లకు తెచ్చిన అప్పునకు నివాసగృహమును గాని, వరి పండు భూమిని గాని పూచీ పెట్టరాదు. లాభము వచ్చిన పంటలో సగము తీసి ఉంచినచో, నష్టము వచ్చిన పంటకు అదియే ఆధారమగును.

8. దాచు చోటు

ఇంటి పెట్టెలోని సొమ్ము చేతికందుచుండును గనుక నిలువదు. పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు 1882 నుండి మన దేశమున కలదు. బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుని సొమ్మునకు 5 లక్షల రూపాయల వఱకు 2020 ఫిబ్రవరి నుండి బీమా కలదు. పదేండ్లలోపు ఆడపిల్లలకు 2015లో ఏర్పడిన సుకన్య సమృద్ధి ఖాతా అనుకూలమైనది. చీటీ వేయువారు 1982 నాటి చట్టము క్రింద అది రిజిస్టరు అయినదో లేదో విచారింపవలెను. అసాధారణమైన వడ్డీ ఆశ చూపువారిని నమ్మరాదు. మన అసలు వారి చేతిలో నున్నదని మరువరాదు.

9. ముఖ్య విషయములు

1. ధాన్యము అమ్మిన దినముననే సొమ్మును భాగములుగా పంచుడు.
2. సేద్యపు సొమ్మును ఇంటి ఖర్చునకు వాడకుడు.
3. తుపాను నిధిని మొదట తీసి, బ్యాంకులో నుంచుడు.
4. ఎడగారు ఆదాయమును నమ్ముకొని ఖర్చు పెంచకుడు.
5. ఇంటి పద్దు గృహిణికి అప్పగింపుడు. పొలపు పద్దు ఆమెకు వినిపింపుడు.
6. గడువులోపల బ్యాంకు బాకీ తీర్చుడు.
7. వేడుకలకై భూమిని తాకట్టు పెట్టకుడు.

రాబోవు కోతకు ముందే రెండు పుస్తకములు కొని ఉంచుకొనుడు. మొదటి పుటపై ఈ ఏటి బాకీలన్నియు, ఎవరికి ఎంత, ఏ వడ్డీకి అని వ్రాయుడు. ఎక్కువ వడ్డీ బాకీని మొదట తీర్చుడు. వచ్చు నవంబరులో వాన కురియుచుండగా, ఎవరి గుమ్మము ఎక్కకుండ నాటుకూలి చెల్లించిననాడు ఈ శ్రమ ఫలించినట్లు గ్రహింతురు.