ఓడి నేర్చుకున్న ఎత్తు

ఖరగ్‌పూర్‌లో 'ట్రాఫిక్' అంటే రద్దీ కాదు, రైల్వే కాలనీలో ఒక పేట. రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ ఊళ్లో కొదవలేదు. ఆఖరి ఓవర్ల ఆటతో 'ఫినిషర్'గా పేరొందిన ధోనీ 2001లో టీటీఈగా చేరిందీ ఇక్కడే. కానీ నెమ్మదిగా మొదలై చివర్లో చెలరేగే జట్ల గుట్టు విప్పాలంటే ఈ ఊరిని రైల్వే పట్టణంగా మార్చిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు మోసిన ఫుట్‌బాల్ జట్టు వైపు చూడాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1963లో ఆ బీఎన్ఆర్‌లో చేరారు. అప్పటికే ఆయన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో పెద్ద టోర్నీలు చూసి వచ్చారు.

మొదటిది 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. సెమీఫైనల్లో యుగోస్లావియాపై తొలి గోల్ మనదే, రెండో సగం మొదట్లో నెవిల్ డిసౌజాది. ముగిసేసరికి స్కోరు 1-4. నేరం అలసట మీదికి నెట్టడం తేలిక. దేశవాళీ మ్యాచ్‌లు అప్పట్లో ఎక్కువగా 70 నిమిషాలే, సబ్‌స్టిట్యూట్లూ లేరు. కానీ ఆధిక్యం కొద్ది నిమిషాలకే ఆవిరైంది. కాళ్లకంటే ముందు ఎత్తులు అయిపోయాయన్న మాట.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో కథ తిరగబడింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌పై గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను పక్కన పెట్టలేదు. సెమీఫైనల్‌కు సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ కొరియాయే. వాళ్లు ఓడించిన జట్టు వేరు, ఇప్పుడు వచ్చింది వేరు. పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతోనే జర్నైల్ ఇంకొకటి. 2-1తో స్వర్ణం.

అంటే ఆలస్యంగా పుంజుకునే జట్టు మొదట్లో బద్ధకించదు, ప్రత్యర్థిని చదువుతుంది. మొదటే గెలిచినవాడు తన పేక ముక్కలన్నీ చూపించేసి ఉంటాడు. 2005లో ఇస్తాంబుల్ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ విరామానికి 0-3తో వెనకబడింది. కోచ్ బెనితెజ్ డిఫెన్స్‌ను ముగ్గురికి కుదించి, హమాన్‌ను దించాక ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ వచ్చాయి, చివరికి పెనాల్టీల్లో కప్పు. ఇలా చదివే కోచ్ లేకపోతే ఆలస్యం ఉత్త ఆలస్యమే.

రహీం జకార్తాకు వెళ్లేనాటికే జబ్బుతో ఉన్నారు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఊపిరితిత్తుల జబ్బు బలరాం ఆటను ముప్పై ఏళ్లు రాకముందే ఆపేసింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు ఆ తర్వాత మళ్లీ రాలేదు.