వంటచెరకుకు బదులు పొట్టు బ్రికెట్లు: కొనుగోలుదారు చూసుకోవలసిన లెక్క

సింగరేణి బొగ్గు కొనే వర్తకునికి ఒక సదుపాయం ఉన్నది. 2012 జనవరి నుంచి మన దేశంలో బొగ్గుకు గ్రేడు కట్టేది అందులోని వేడిని బట్టి. కిలోకు 7,000 కిలో కేలరీలు దాటిన సరకు మొదటి గ్రేడు. అక్కడి నుంచి 300 కేలరీలకు ఒక మెట్టు చొప్పున గ్రేడు దిగుతుంది, దానితో పాటే ధరా దిగుతుంది. ఏమి కొంటున్నదీ కాగితం మీద రాసి ఉంటుంది.

వేరుశనగ పొట్టు, ఊక, రంపపు పొట్టు, పత్తి కంప వగైరాలను యంత్రంలో అదిమి తీసిన బ్రికెట్లు కొనేవారికి ఈ సదుపాయం లేదు. కాటా మీద ఎంత తూగితే అంతకు సొమ్ము చెల్లించడమే సాధారణంగా సాగుతున్న పద్ధతి. తూకంలో నీరూ తూగుతుంది, మన్నూ తూగుతుంది. పొయ్యిలో ఈ రెండూ వెలగవు.

ఈ సరకుకు వ్యాపారంలో 'వైట్ కోల్' అనీ, తెల్ల బొగ్గు అనీ పేర్లు. పేరులో బొగ్గు ఉన్నదే గాని సరకులో లేదు. ఇది కాల్చని పొట్టే, ఒత్తిడితో కట్టెలా గట్టిపడింది, అంతే. వదులుగా పోసిన ఊక ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగుతుంది. అదే ఊకను దిమ్మ చేస్తే ఆ గట్టితనం ఘనపు మీటరుకు టన్నుకు పైబడుతుంది. ఊక లారీలో పోయేది ఎక్కువ పాలు గాలే కనుక, దూరపు రవాణా గిట్టుబాటు కావడానికి బ్రికెట్టు తప్ప మార్గం లేకపోయింది.

దిమ్మను పట్టి ఉంచేది జిగురు కాదు. కట్టెలోనూ పొట్టులోనూ సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి, ఒత్తిడికి అతుక్కుంటుంది. ఇందుకు పొట్టులో నిమ్ము నూటికి 10 పాళ్ళ దగ్గర ఉండాలి. ఎక్కువైతే లోపలి నీరు ఆవిరై దిమ్మను పగులగొడుతుంది. అంటే గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉన్న దిమ్మ యంత్రం నుంచి వెలువడినప్పుడు పొడిగానే వెలువడి ఉండాలి. తర్వాత నిమ్మెక్కితే అది గిడ్డంగిలోనో, లారీలోనో, కాటాకు ముందో ఎక్కినదే.

టన్ను ధర, వేడి ధర

మామూలుగా ఆరిన సరకులో కిలోకు లభించే వేడి ఇలా ఉంటుంది. ఊక 3,000 నుంచి 3,400 కేలరీలు, పత్తి కంప 4,000 లోపు లేదా ఆ దరిదాపు, వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు 4,000 నుంచి 4,500. బూడిదలో తేడా ఇంతకంటె పెద్దది. రంపపు పొట్టుకు నూటికి ఒకటి రెండు పాళ్ళు, వేరుశనగ పొట్టుకు మూడు నుంచి ఆరు, ఊకకు ఇంచుమించు 20. ఊక బ్రికెట్లు టన్ను కాల్చిన వారు రెండు క్వింటాళ్ళ బూడిద ఎత్తిపోయక తప్పదు. ఆ కూలి కూడా ఇంధనం ఖర్చులోదే.

లెక్క కోసం ఊక బ్రికెట్లు టన్ను రూ. 6,000 అనీ, వేరుశనగ పొట్టువి రూ. 7,200 అనీ అనుకుందాం. చూపుకు ఊక 1,200 రూపాయలు చౌక. వేడి ప్రకారం చూస్తే ఊకకు (3,300 కేలరీలు) వెయ్యి కేలరీలకు రూ. 1.82 పడుతుంది. వేరుశనగ పొట్టుకు (4,200 కేలరీలు) రూ. 1.71 పడుతుంది. ఖరీదైనదే చౌక అయింది. కాని అదే వేరుశనగ సరకు వానకు తడిసి, నిమ్ము నూటికి 8 నుంచి 20కి పెరిగిందనుకోండి. కిలోకు సుమారు 600 కేలరీలు పోతాయి, వెయ్యి కేలరీల ఖరీదు రెండు రూపాయలకు ఎక్కుతుంది. ఇప్పుడు ఊకే నయం. కనుక ఏ పొట్టు మంచిదని అడిగితే సరిపోదు. ఏ పొట్టు, ఎంత నిమ్ముతో, ఏ ధరకు అన్న మూడూ కలిపి అడగవలసి ఉంటుంది.

కట్టెతో పోల్చేటప్పుడు కూడా ఈ జాగ్రత్తే అవసరం. బాగా ఆరిన సరుగుడు కర్రలో కిలోకు 3,500 కేలరీలకు తక్కువ లేకుండా వేడి ఉంటుంది. అప్పుడే కొట్టిన పచ్చికర్రలో సగానికి దగ్గరగా నీరే కావడం వల్ల 2,200 కేలరీలు చేతికి రావడం కష్టం. బ్రికెట్లు కట్టె కంటె ఖరీదనేవారిలో చాలామంది పచ్చికర్ర టన్నుతో పొడి దిమ్మల టన్నును పోలుస్తున్నారు.

లేబొరేటరీ కాగితం చదవడం

పెద్ద ఎత్తున కొనేవారికి అమ్మకందార్లు పరీక్షా నివేదిక చూపుతారు. చాలామంది అందులోని పెద్ద అంకె చూసి తృప్తి పడతారు. కాని ఒకే దిమ్మకు మూడు అంకెలు రాయవచ్చును. నీరంతా తీసివేసి కట్టిన లెక్క ఒకటి, గాలికి ఆరనిచ్చి కట్టినది ఒకటి, లారీ దిగిన స్థితిలో కట్టినది ఒకటి. మొదటి అంకె 4,560 ఉన్న వేరుశనగ సరకు 8 పాళ్ళ నిమ్ముతో దిగితే 4,195 మాత్రమే. రెండూ నిజమే, అయితే సొమ్ము చెల్లించేది మూడో రకం లెక్కలో ఉన్న సరకుకు. బేరం కాగితంలో 'దిగుమతి స్థితిలో ఇన్ని కేలరీలు, నిమ్ము ఇంతకు మించితే ఇంత తరుగు' అని రాయించుకోవాలి. ధాన్యానికీ పత్తికీ నిమ్ము చూసి తరుగు తీయడం మన మార్కెట్ యార్డులకు కొత్త కాదు. ఇంధనానికి మాత్రం ఎందుకు వదులుకోవాలో తెలియదు.

ఇళ్ళను వెచ్చబరచడానికి చెక్క దిమ్మలు వాడే ఐరోపా దేశాలలో మొదటి తరగతి దిమ్మకు నిమ్ము నూటికి 12, బూడిద 1 మించరాదని అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. మన పొట్టుకు ఒక పాలు బూడిద షరతు పెడితే వేరుశనగ కూడా నెగ్గదు. ప్రమాణం మనకు తగినట్లు ఉండాలి గాని, అసలు లేకపోవడం కొనేవారికి నష్టమే.

చేతితో చూడదగిన పరీక్షలు

నివేదిక లేని చోట రెండు మూడు పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చును. దిమ్మను నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదలండి. రెండు మూడు ముక్కలైతే తప్పు లేదు, నుసి నుసి అయితే మాత్రం ఆ సరకు లారీలోనే పాతిక వంతు పొడి అవుతుంది. పిస్టన్ యంత్రంలో తీసిన దిమ్మ బిళ్ళలు పేర్చినట్లు పొరలుగా ఉంటుంది, పొర వెంట విరగడం దాని స్వభావం. మధ్యలో రంధ్రం ఉండి, పైన నల్లగా కమిలినట్లు కనిపించేది స్క్రూ యంత్రపు సరకు. ఇది మరింత గట్టిది, రంధ్రం గుండా గాలి ఆడి చక్కగా మండుతుంది. ఊకలోని ఇసుక లక్షణం గల సిలికా స్క్రూను త్వరగా అరగదీయడం వల్ల ఊకతో ఈ రకం తీయడం ఖర్చుతో కూడిన పని.

రెండవది బూడిద పరీక్ష. కిలో దిమ్మలు విడిగా పూర్తిగా కాల్చి, చల్లారిన బూడిదను తూచాలి. వేరుశనగ అని అమ్మిన సరకు 60 గ్రాముల లోపు మిగిల్చితే మాట నిలిచినట్లే. 120 గ్రాములు మిగిలిందంటే మన్ను గాని, ఊక గాని కలిసింది. ఏది కలిసినదీ బూడిదే చెబుతుంది. ఊక బూడిద ఊక ఆకారాన్నే నిలుపుకుని పొట్టు పొట్టుగా ఉంటుంది, మన్ను ఎర్రగా, గరుకుగా అడుగున చేరుతుంది. నేల మీద కుప్ప పోసి పారతో ఎత్తిన పొట్టుకు మన్ను అంటడం సహజం. దానికి టన్ను ధర ఇవ్వడం సహజం కాదు.

నీటిలో వేసి చూసే పరీక్ష కొందరు చేస్తారు. దీనివల్ల తేలేది ఏమీ లేదు. జిగురు లేని దిమ్మ మంచిదైనా చెడ్డదైనా నీటిలో ఉబ్బి విడిపోతుంది.

బ్యారన్ రైతుకు మరో చిక్కు

కోస్తాలో వర్జీనియా పొగాకు రైతులు ఇంధనానికి పెట్టే ఖర్చు చిన్నది కాదు. కిలో క్యూరింగ్ ఆకుకు నాలుగైదు కిలోల కట్టె పడుతుందని వాడుకలో ఉన్న లెక్క. బ్యారన్‌లో ఆకు పండబెట్టేటప్పుడు 32 నుంచి 38 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. చివర ఈనె ఎండబెట్టేటప్పుడు 70 డిగ్రీల దాకా తీసుకుపోవాలి. ఈ దశలో రాత్రివేళ మంట పడిపోతే ఈనెలో మిగిలిన నీరు తిరిగి ఆకులోకి పారి, రంగు చెడుతుంది. వేలం ప్లాట్‌ఫారం మీద గ్రేడు పడిపోయిన ఆ బేలు ముందు, ఇంధనంలో మిగిల్చిన రూపాయలు ఏ మూలకు?

మంచి బ్రికెట్టు నిలకడగా మండుతుంది కనుక ఈ పనికి తగినదే. చిక్కు పొయ్యిలో ఉన్నది. పొడుగు దుంగల కోసం కట్టిన పొయ్యిలో అడుగున ఇనుప ఊచల జల్లెడ లేకపోతే, విరిగిన దిమ్మలు గుట్టపడి గాలి అందక పొగ కక్కుతాయి. దిమ్మలో నూటికి 65 నుంచి 75 పాళ్ళు వేడికి వాయువుగా మారి మండే పదార్థమే. గాలి చాలకపోతే అది మండకుండా పొగగొట్టం గుండా పోతుంది, అంటే డబ్బు పోతున్నట్లే. కాబట్టి సీజను మొత్తానికి ఒప్పందం చేసుకునే ముందు ఒక్క బ్యారన్‌కు సరిపడా తెచ్చి, ఊచలు అమర్చి, ఒక విడత ఆకు కాల్చి చూసుకోవడం వివేకం. ఊక దిమ్మలతో ఈ ప్రయోగం చేయకపోవడమే మేలు. ఐదారు రోజుల ఎడతెగని మంటలో బూడిద గుట్టలు తీసే మనిషి దొరకడం కష్టం.

ఇంటి సంగతి

స్నానాల రాగి బాయిలరుకు లెక్క వేరు. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45కు తేవాలంటే 400 కేలరీలు నీటిలోకి చేరాలి. బాయిలరు పనితనం నూటికి 30 అనుకుంటే కిలో వేరుశనగ దిమ్మతో మూడు బకెట్లు వస్తాయి. కరెంటుతో అయితే అదే పనికి సుమారు యూనిటున్నర. తక్కువ శ్లాబులో బిల్లు కట్టే నలుగురు మనుషుల ఇంటికి, బస్తా లెక్కన చిల్లర ధరకు బ్రికెట్లు కొనడం గిట్టదు. కొబ్బరి చిప్పలు పెరట్లో దొరికే ఇంటికి అసలే గిట్టదు. ఉమ్మడి కుటుంబం, హాస్టలు, కల్యాణ మండపం, ఇడ్లీ హోటలు, ఇలాంటి చోట్ల గిట్టుతుంది. వంటగదిలో పొగగొట్టం లేని పొయ్యికీ, తలుపులు మూసిన గదిలో చలి కాచుకోవడానికీ వీటిని వాడరాదు. గాలి చాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

ఎప్పుడు కొనాలి

ఖరీఫ్ వేరుశనగ మిల్లులకు చేరిన తర్వాత పొట్టు, జనవరి నుంచి పీకివేసిన పత్తి కంప మార్కెట్లోకి వస్తాయి. వేసవి ముగిసేదాకా ముడిసరకు పొడిగా ఉంటుంది. వర్షాలు పడితే రాక తగ్గి, నిమ్ము పెరిగి, ధర మాత్రం దిగదు. పైగా పోటీ కూడా పెరిగింది. బాయిల్డ్ రైస్ మిల్లులు తమ ఊకను తామే కాల్చుకుంటాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు నూటికి 5 పాళ్ళు పంట వ్యర్థాల గుళికలు కాల్చాలని 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ విధానం ప్రకటించినది. అందువల్ల చిన్న కొనుగోలుదారు ఏప్రిల్, మే నెలల్లోనే వానాకాలపు అవసరం నింపుకోవడం మంచిది.

నిల్వ చేసేటప్పుడు నేల మీద నేరుగా పేర్చవద్దు. చెక్క బల్లలు పరిచి, గోడకు జానెడు ఎడం విడిచి, పైకప్పు కారని చోట పెట్టాలి. టార్పాలిన్ కప్పితే పక్కలు గాలి ఆడేట్లు వదలాలి, లేకపోతే లోపలి నిమ్ముకే దిమ్మలు ఉబ్బుతాయి. పాత సరకు ముందు, కొత్తది తర్వాత తీయాలి. అడుగున మిగిలే నుసిని పారవేయనక్కరలేదు, పేడలో కలిపి పిడకలు చేసుకోవచ్చును.