కనబడని ఫైలు: నామలోపమా, వస్తులోపమా?

క్షేత్రపర్యటనలలో సేకరించిన సామగ్రిని నేటి పరిశోధకులు కంప్యూటరునందే భద్రపఱచుచున్నారు. అది యొకనాడు కనబడనిచో నశించెనని తలంచుట సహజము. కాని కనబడకపోవుట వేఱు, నశించుట వేఱు. ఈ భేదమును వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

మేడ్చల్, శామీర్‌పేట మండలముల గ్రామనామములను గూర్చిన ధ్వనిముద్రణములను వెదకునపుడు మాకే యీ చిక్కు గలిగినది. ‘మేడ్చల్ పూడూరు’ అని వెదుకగా కొన్ని ఫైళ్లు మాత్రమే వచ్చినవి. తక్కినవి పోలేదు. వాని పేర్లలో మొదటి పదము చివర కంటికి కనబడని సంకేతమొకటి చేరియున్నది. యూనికోడునందు దాని సంఖ్య 200సి. పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మాఱకుండుటకై దానిని వాడుదురు. ‘శామీర్‌పేట’, ‘డబీల్‌పూర్’, ‘లాల్‌గడి మలక్‌పేట’ అను పేర్లయందు దాని యావశ్యకత కలదు. ‘మేడ్చల్’ అను పదాంతమున లేదు. చదువరికి రెండు రూపములును ఒక్కటే. యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటిది 21 బైట్లు, సంకేతము చేరినది 24 బైట్లు. కావున యంత్రమునకవి వేర్వేఱు పేర్లు. అట్లే ‘హైదరాబాదు’లోని ఐత్వమును ఒకే సంకేతముగను, రెండు సంకేతముల కూర్పుగను వ్రాయవచ్చును.

చారిత్రక కారణము మఱియొకటి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడుటకు పూర్వము ఈ గ్రామములు రంగారెడ్డి జిల్లాలోనివి. పాతసామగ్రి ఆ పేరిటనే యుండవచ్చును. కనుక పేరులోని యొక ముక్కతోను, తేదీతోను, ఫైలుజాతితోను వెదకవలెను. డిస్కు సరిగా జతపడినదో లేదో, ఫైలు చెత్తబుట్టయందున్నదేమో చూడవలెను.

ఇట్లు వెదకినను దొరకనిచో ఫైలు తొలగింపబడినదని యూహింపవచ్చును. తొలగించుటయనగా సాధారణముగా విషయసూచికనుండి పేరును కొట్టివేసి, ఆ స్థలము ఖాళీయని గుర్తించుటయే. దానిపై క్రొత్తవ్రాత పడునంతవఱకు పూర్వలేఖనము నిలిచియుండును. కావున మొదట ఆ డిస్కుపై వ్రాయుట మానవలెను. పిదప దాని పూర్తి ప్రతిని వేఱొక డిస్కునకు ఎత్తి, ఆ ప్రతియందే పరిశోధింపవలెను. సాలిడ్ స్టేట్ డిస్కులలో ‘ట్రిమ్’ అను ఆజ్ఞవలన ఖాళీభాగములు త్వరలోనే తుడిచివేయబడవచ్చును గాన, అచ్చట ఆశ స్వల్పము.

‘ఫోటోరెక్’ వంటి సాధనములు ఫైలు ఆదిభాగమునందలి జాతిలక్షణమునుబట్టి దానిని గుర్తించును. వస్తువు లభించును గాని పూర్వపు పేరు లభింపదు. మొదటి పత్రములు పోయిన తాళపత్రప్రతి యే గ్రంథమో తెలిసికొనుటకు ఆశ్వాసాంతగద్య తోడ్పడును గదా! ధ్వనిముద్రణమునకును అట్టి లోపలి సాక్ష్యము కావలెను. గ్రామమును, దినమును ఆరంభమున పలికియుండనిచో, దొరికిన కంఠము మేడ్చల్ వైపుదో శామీర్‌పేట వైపుదో నిర్ణయించుట దుస్సాధము. అట్టి సామగ్రి యుండియు మాండలిక పరిశోధనకు లేనట్లే యగును.

కావున మేమిప్పుడు మూడు నియమములను పాటించుచున్నాము: గ్రామమును, దినమును ముద్రణారంభమున పలుకుట, ఫైలునకు అంకెలతో పేరిడి తెలుగు వివరమును పట్టికలో వ్రాయుట, మూడు ప్రతులుంచి అందొకదానిని వేఱుచోట దాచుట. ఫైలును మఱల తెచ్చుట యంత్రజ్ఞుని పని. అది దేనిదో తెలియునట్లు చేయుట మాత్రము పరిశోధకుని విధి.