మీ ఇంట్లో ఏ ఫోను పలుకుతుంది?

గత సంవత్సరం కార్తీక మాసంలో ఒక రాత్రి పదకొండు గంటలకు మా అమ్మ ఫోను చేసింది. "మీ నాన్నగారికి ఆయాసంగా ఉందిరా, మాట కూడా సరిగా..." అన్నది. అంతలోనే లైను తెగిపోయింది.

నేను హైదరాబాదులో ఉన్నాను. అమ్మా నాన్నగారూ తూర్పు కనుమల అంచున ఉన్న మా ఊళ్లో ఉన్నారు. ఆ తరువాత ఏడెనిమిదిసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు ఫోను మోగింది గాని, అమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించి ఆగిపోయింది. చివరకు పక్కింటి మామయ్య, వేరొక కంపెనీకి చెందిన తన ఫోనుతో 108కి చెప్పి వాహనాన్ని రప్పించాడు. వేళకు ఆసుపత్రికి చేరడం వల్ల నాన్నగారు బతికి బయటపడ్డారు.

మర్నాడు ఆసుపత్రి వరండాలో అమ్మ నన్ను అడిగింది: "అన్నిటికంటె మంచి కంపెనీ ఏదిరా? డబ్బు కాస్త ఎక్కువైనా అదే తీసుకుందాం."

ఎంతో సులభంగా కనిపించే ప్రశ్న ఇది. తెలిసిన పదిమందిని అడిగాను. పదిమందీ పది రకాలుగా చెప్పారు. ఎవరికి వారు తమ అనుభవాన్నే చెప్పారు కనుక అందరూ నిజమే చెప్పారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

16 రూపాయల నిమిషం

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తాలో ఉన్న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. మనకు వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు చెల్లించవలసిందే. ఆ భారం 2003లో తొలగిపోయింది. 2012 ప్రాంతంలో దేశంలో పదికి పైగా కంపెనీలు పోటీపడుతుండేవి. ఆపైన కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా అనే మూడు ప్రైవేటు కంపెనీలు, ప్రభుత్వ రంగంలోని బీఎస్‌ఎన్‌ఎల్ ప్రధానంగా మిగిలాయి.

ఎంచుకోవలసినవి నాలుగే అయినప్పుడు మంచి చెడ్డలు తేల్చడం సులభం కావాలి. అలా కాకపోవడానికి కారణం, మనం వేసే ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉండడమే. సిగ్నలు మన దాకా వస్తుందా? వచ్చిన సిగ్నలులో మాట తెలుస్తుందా? మనకు అవసరమైనంత డేటా సరసమైన వెలకు దొరుకుతుందా? ఈ మూడింటికీ ఒకే కంపెనీ సమాధానం కానక్కర లేదు.

డోలు దూరం, సన్నాయి దగ్గర

ఊరేగింపు వీధి చివర ఉన్నప్పుడు మనకు ముందుగా వినిపించేది డోలు. సన్నాయి స్పష్టంగా వినిపించేది దగ్గరకు వచ్చాకనే. రేడియో తరంగాల స్వభావమూ ఇంచుమించు ఇటువంటిదే. 700, 800, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు చాలా దూరం సాగుతాయి, గోడలను దాటి గదుల్లోకి చొరబడతాయి. 2300, 3500 మెగాహెర్ట్జ్ వంటి ఎక్కువ పౌనఃపున్యం గలవి ఎంతో డేటాను మోయగలవు గాని, త్వరగా నీరసించి మందమైన గోడల దగ్గర ఆగిపోతాయి.

కాబట్టి ఒక కంపెనీకి మీ ప్రాంతంలో ఏ తరంగాలు ఉన్నాయి, టవరు ఎంత దూరంలో ఉన్నది, మధ్యలో కొండ ఉన్నదా, మీ ఇల్లు పెంకుటిల్లా లేక కాంక్రీటు మేడా అన్న విషయాలన్నీ కలిసి మీ సిగ్నలును నిర్ణయిస్తాయి. ఒకే ఇంట్లో వీధి అరుగు మీద బాగా పలికిన ఫోను వంటింట్లో మూగబోవడానికి కారణం ఇదే.

ఇక్కడ సగటు లెక్కలు మనలను మోసగిస్తాయి. సంభాషణ మధ్యలో తెగిపోయే కాల్స్ 2 శాతం మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం పెట్టింది. వినడానికి బాగానే ఉన్నది. కాని నూరు టవర్లలో తొంభై ఎనిమిది చక్కగా పనిచేస్తూ, రెండు టవర్లు మాత్రమే పాడైతే సగటు చెడదు. ఆ రెండు టవర్ల కింద కాపురముండే వారికి మాత్రం నూటికి నూరు పాళ్లూ కష్టమే. పైగా కంపెనీల లెక్కలు చాలావరకు సర్కిల్ వారీగా ఉంటాయి. 2014లో రాష్ట్రం రెండైనా, టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకే సర్కిల్. హైదరాబాదు హైటెక్ సిటీలోని టవరునూ, మన్యంలోని టవరునూ కలిపి తీసిన సగటు ఏ ఒక్కరి అనుభవాన్నీ చెప్పదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2024 ఆగస్టులో ట్రాయ్ కొత్త నిబంధనలు చేసింది. 2జీ, 3జీ, 4జీ, 5జీ సేవలు ఎక్కడెక్కడ అందుతున్నవో చూపే పటాలను ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో ఉంచాలని ఆదేశించింది. మీ ఊరును ఆ పటంలో చూసుకోవచ్చు. అయితే పటంలో రంగు ఉన్నంత మాత్రాన మీ పడకగదిలో సిగ్నలు ఉంటుందని అనుకోరాదు. ఆ కంపెనీ మీ ఊరికి వచ్చిందా లేదా అన్నంతవరకే దాన్ని నమ్మవలె.

మాట ఎందుకు నలుగుతుంది?

సిగ్నలు నిండుగా ఉన్నా మాట బాగుండకపోవడం కద్దు. పాత 2జీ పద్ధతిలో మన గొంతులోని ధ్వనులలో సుమారు 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు ఉన్నవి మాత్రమే అవతలికి చేరతాయి. అందుకే 'స' అన్నది 'ఫ' అన్నట్లు వినిపిస్తుంది. వోల్టీ అనే 4జీ సంభాషణ పద్ధతిలో ఈ పరిధి దాదాపు 7000 హెర్ట్జ్ దాకా విస్తరించింది. మనిషి ఎదుట కూర్చుని మాట్లాడినట్లు ఉండడం దాని మహిమే. కాని ఇరువైపుల ఫోన్లలోనూ ఆ సౌకర్యం ఉండాలి. ఎందరి ఫోన్లలోనో వోల్టీ అన్న మీట ఆపివేసి ఉంటుంది. వారు తమ ఫోనును తప్పుపట్టకుండా కంపెనీని తిట్టుకుంటూ ఉంటారు.

మాట నాణ్యతను కొలిచేందుకు 1 నుండి 5 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉన్నది. 4, ఆపైన వస్తే బాగున్నట్లు. ట్రాయ్ తన వాహనాలను నగరాలలోనూ రహదారులపైనా తిప్పి, కాల్ కలిసిన శాతం, తెగిన శాతం, మాట నాణ్యత, డేటా వేగం వంటివి కంపెనీల వారీగా కొలిపించి ప్రకటిస్తుంది. మీరు తరచు తిరిగే మార్గం వాటిలో ఉంటే ఆ ఫలితాలు చూడదగినవి. వీధుల్లో కొలిచినవి కాబట్టి ఇంటి లోపలి సంగతి మాత్రం వాటిలో తెలియదు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి మరొక ఉపాయం ఉన్నది. వైఫై కాలింగ్ అనే సదుపాయాన్ని ఫోనులో తెరిస్తే, టవరు సిగ్నలు లేని గదిలోనూ మామూలు నంబరుతోనే మాట్లాడవచ్చు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోనూ, జియో 2020 జనవరిలోనూ దీన్ని ప్రవేశపెట్టాయి.

ఎంత డేటా అవసరం?

రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అని ప్రకటనలు ఊరిస్తుంటాయి. మన అవసరమెంతో మనకు తెలిస్తేనే వాటి విలువ తెలుస్తుంది. సాధారణ స్పష్టతతో ఒక గంట వీడియో చూస్తే ఇంచుమించు ఒక జీబీ వరకు ఖర్చవుతుంది. ఎక్కువ స్పష్టతతో చూస్తే మూడు జీబీల దాకా పోవచ్చు. అదే ఇంటర్నెట్ ద్వారా ఒక గంట మాట్లాడితే 30 నుండి 60 ఎంబీలకు మించదు. అంటే ఒక గంట సినిమా చూసే డేటాతో పదిహేను గంటలకు పైగా మాట్లాడవచ్చు. రోజువారీ కోటాలో వాడకుండా మిగిలింది సాధారణంగా అర్ధరాత్రితో చెల్లిపోతుంది. మీ ఫోను సెట్టింగులలో నెల మొత్తం వాడకం కనిపిస్తుంది. దాన్ని ముప్పైతో భాగించి చూడండి. చాలామంది తమకు అవసరమైన దానికి రెట్టింపు కొంటున్నారని గ్రహిస్తారు.

డేటాతో పనే లేని వృద్ధులు కూడా ఎన్నో ఏళ్లు దానికి డబ్బు కట్టారు. 2024 డిసెంబరులో ట్రాయ్ సంభాషణలకు, సంక్షిప్త సందేశాలకు మాత్రమే పరిమితమైన పథకాలు విధిగా ఉంచాలని ఆదేశించింది. ఇవి ప్రకటనలలో పెద్దగా కనిపించవు. అడిగి తెలుసుకోవలసిందే.

నలుగురి తీరులు

కంపెనీల మధ్య స్వభావసిద్ధమైన భేదాలు కొన్ని ఉన్నాయి. జియో 2016 సెప్టెంబరులో 4జీతోనే ఆరంభమైనది. దానికి 2జీ లేదు కనుక పాత మీటల ఫోనులో ఆ సిమ్ పనిచేయదు. 2022 వేలంలో దేశమంతటికీ 700 మెగాహెర్ట్జ్ తరంగాలను కొన్న ప్రైవేటు కంపెనీ అదొక్కటే. ఎయిర్‌టెల్ 2జీని నిలుపుకొంటూ 4జీ, 5జీలు నడుపుతున్నది. వొడాఫోన్ ఐడియా 2018లో రెండు కంపెనీల కలయికతో ఏర్పడింది. దాని 5జీ 2025 మార్చిలో ముంబైలో మొదలై ఒక్కొక్క నగరానికే విస్తరిస్తూ వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ప్రారంభించారు. ప్రైవేటు కంపెనీలు వెళ్లడానికి వెనుదీసే మారుమూలలలో టవరు ఉంటే, అది తరచు బీఎస్‌ఎన్‌ఎల్‌దే కావచ్చు.

ఒక వారం, ఒక నోటు పుస్తకం

ఇదంతా తెలుసుకున్నాక మా ఊరికి వెళ్లి ఒక వారం ఉన్నాను. మూడు కంపెనీల సిమ్‌లు వెంట తీసుకువెళ్లాను. నాన్నగారి మంచం దగ్గర, వంటింట్లో, పెరటి బావి దగ్గర, వీధి అరుగు మీద, పొలం గట్టు మీద ఉదయం, రాత్రి ఫోను చేసి చూసి, ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఫోను పైన కనిపించే గీతలను లెక్కపెట్టలేదు. అవి ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధంగా చూపుతారు. సెట్టింగులలో సిమ్ వివరాల దగ్గర మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 90 అంటే బాగున్నట్లు, మైనస్ 110 అంటే బలహీనం, మైనస్ 120 అంటే ఇక లేనట్లే.

ఫలితం చూసి నేనే ఆశ్చర్యపోయాను. వీధి అరుగు మీద అందరికంటె వేగంగా డేటా ఇచ్చిన కంపెనీయే నాన్నగారి మంచం దగ్గర అందరికంటె బలహీనం. పక్కింటి మామయ్య వాడే కంపెనీ డేటాలో వెనుకబడినా, ఆ మంచం దగ్గర ఒక్కసారి కూడా మాట తెగలేదు. మూడవది పగలు చక్కగా ఉండి, రాత్రి ఏడు నుండి పది వరకు ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకు పండుగ నాటి బస్సులా కిక్కిరిసిపోయింది. పగటిపూట మాత్రమే పరీక్షించి ఉంటే దాన్నే ఎంచుకునేవాణ్ణి.

పాఠకులు ఇంత శ్రమ పడనక్కర లేదు. పండుగకు ఇంటికి వచ్చిన బంధువుల ఫోన్లు నాలుగు చాలు. వాటిని మీరు పడుకునే చోటికి తీసుకువెళ్లి, రాత్రి ఎనిమిది గంటలకు ఒక్కొక్క దాని నుండి ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి.

కంపెనీ మారాలనుకుంటే నంబరు మార్చుకోవలసిన పని లేదు. 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఆ హక్కు మనకు ఉన్నది. పోర్ట్ అనే ఇంగ్లీషు మాట, దాని పక్కన మీ నంబరు రాసి 1900కు సందేశం పంపితే ఒక కోడ్ వస్తుంది. దానితో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. మన సర్కిల్‌లో ఆ కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. సిమ్ తీసుకుని తొంభై రోజులు నిండి ఉండాలి, పాత బిల్లులు తీర్చి ఉండాలి. పాత ఖాతాలో మిగిలిన సొమ్ము కొత్తదానికి రాదు కనుక, రీచార్జి గడువు ముగిసే రోజుల్లో మారడం తెలివి.

ఆ రాత్రి మాకు తెలియని సంగతి మరొకటి ఉన్నది. మన కంపెనీ సిగ్నలు బొత్తిగా లేకపోయినా, మరొక కంపెనీ సిగ్నలు అక్కడ అందుతుంటే ఫోను మీద 'అత్యవసర కాల్స్ మాత్రమే' అని కనిపిస్తుంది. అప్పుడు 112 నొక్కితే, ఆ కాల్‌ను అందుబాటులో ఉన్న మరొక కంపెనీ టవరు మోయగలదు. ఈ అంకెను ఇంట్లో పెద్దలకు, పిల్లలకు తప్పక నేర్పండి.

నాన్నగారి పాత నంబరును మామయ్య వాడే కంపెనీకి మార్పించాను. డేటా లేని పథకం వేయించాను. అమ్మ ఫోనులో రెండవ సిమ్‌గా మరొక కంపెనీని ఉంచాను. ఒకటి పలకకపోతే రెండవది పలుకుతుంది. హైదరాబాదులో మా ఇంట్లో మాత్రం నా పాత కంపెనీయే బాగున్నది. దాన్ని మార్చలేదు.

అమ్మ ప్రశ్నకు నేను చెప్పగలిగిన సమాధానం ఇంతే: అన్నిటికంటె మంచి కంపెనీ దేశంలో లేదు. నాన్నగారి మంచం దగ్గర పలికే కంపెనీయే మనకు మంచిది.

ఇప్పుడు ప్రతి రాత్రీ తొమ్మిది గంటలకు నాన్నగారు ఆ మంచం మీద నుండే ఫోను చేస్తారు. "వినబడుతోందా?" అని మొదట అడుగుతారు. వినబడుతున్నది.