చిల్లుల్లో దాగిన అక్షరాలు

రిటైరయ్యాక మీ నాన్నగారు ఫోనుకే అతుక్కుపోయారా? ఆయన పాత స్టాంపుల ఆల్బమ్ బయటకు తీయండి. అందులో సన్నని చిల్లులున్న బ్రిటిష్ స్టాంపు ఉంటే పాడైందని పారేయకండి. సిబ్బంది ఆఫీసు స్టాంపులు దొంగిలించకుండా, 1868 నుంచి అక్కడి కంపెనీలు తమ పేరులోని పొడి అక్షరాలను వాటిపై ఇలా చిల్లులుగా కొట్టించేవి. బ్రిటన్ తొలి స్మారక స్టాంపులు 1924లో, వెంబ్లీ ఎగ్జిబిషన్ సందర్భంగా వచ్చాయి. ఆఫీసుల్లో ఎక్కువగా మామూలు స్టాంపులే వాడేవారు కనుక, చిల్లులున్న స్మారక స్టాంపు దొరికితే పండగే!

స్టాంపును నల్ల కాగితంపై బోర్లా పెట్టి, మంచి వెలుతురులో భూతద్దంతో చూడమనండి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కాసేపు దూరంగా చూడాలి. నిన్నటిదాకా తేటగా కనిపించిన చిల్లులు మసకబారినా, తిన్నని అంచు వంకరగా కనిపించినా భూతద్దం మార్చి ఊరుకోకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.